పెద్దమ్మ గుంత

నేను బరంపురం బడా బజారులో పుట్టి, బడా బజారులోనే మెట్టినదాన్ని. పుట్టిల్లు నూనె కొట్టు, మెట్టినిల్లు చింతపండు, ఎండుమిరపకాయల కొట్టు. రెంటికీ మధ్య ఒక్క వీధే. ఊరేగింపు మొదలవుతూనే అయిపోతుందని మేళగాళ్లు మొరపెట్టుకుంటే పల్లకీని ఊరంతా తిప్పి తెచ్చారు. తాళి కట్టే వేళ పురోహితుడు మంత్రాలు క్లుప్తం చేస్తుంటే, "అలగైతే సంభావన కూడా క్లుప్తమేనా?" అని నేను పైకే అన్నానని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అనలేదు. మనసులో అనుకున్నాను.

మద్రాసు నుంచి హుకుములు వచ్చే రోజులవి. ఊరు మద్రాసులోనే ఉండాలా, ఒడిశాలో కలవాలా అని మగవాళ్లు అరుగుల మీద కూర్చుని గొంతులు చించుకునేవారు. ఆ అరుగుల కింద మురుగు కాలవ ఉండేది. ఆ వాదాలతో దానికి పని లేదు. అది దిగువకే పోయేది.

మా వీధికి వాలు ఎక్కువ. వాన పడితే కొట్ల పెంకుల మీది నీళ్లు, పెరళ్ల నీళ్లు, బళ్లు ఆగే చోట ఎద్దుల పేడ కడిగిన నీళ్లు అన్నీ ఆ కాలవలో కలిసి మా పెరళ్ల వెనక ఉన్న ఒక పెద్ద గుంతలోకి దిగేవి. గుంత అవతలి ఒడ్డున రాళ్లు పేర్చి ఉండేవి, రాళ్ల సందుల్లో తుంగ గుబురుగా పెరిగి ఉండేది. ఉరుకుతూ వచ్చిన నీళ్లు గుంతలో పడగానే నెమ్మదించి, మోసుకొచ్చినదంతా అడుగుకు దించి, తుంగలోంచి వడకట్టుకుని గెడ్డలోకి, అంటే ఊరి పక్క వాగులోకి, జారేవి. వేసవిలో గుంత ఎండేది. కూరమళ్లు వేసుకునేవాళ్లు బళ్లు కట్టుకొచ్చి ఆ అడుగు మట్టి తవ్వుకుపోయేవారు. ఆ మట్టిలో కాసిన వంకాయల్ని మళ్లీ మాకే తెచ్చి అమ్మేవారు. మా చెత్తను మాకే అమ్ముతున్నారని నాకు కడుపు మండేది గాని, వంకాయ మాత్రం వెన్నలా ఉండేది.

గెడ్డలో ఏడాదిలో సగం రోజులు ఇసకే. ఆ ఇసకలో చేత్తో గొయ్యి తీస్తే తేటనీరు ఊరేది. చెలమ నీళ్లు. మా వీధి మొత్తం అవే తాగేది. మా ఊళ్లో బావులకేం కొదవ లేదు, కాని అన్నీ ఉప్పన. పప్పు కూడా ఉడకదు. దిగువన సాలె వీధివాళ్లూ ఆ చెలమలే తాగేవారు. ఆ వీధి ముసలమ్మ ఒకామె మా కొట్లకు కడవలతో నీళ్లు తెచ్చి పోసేది. అందరం ఆమెను అప్పా అనేవాళ్లం. నోరు పెద్దది. ఆ నోరు విని మా బజారు కుక్కలు దారి ఇచ్చేవి.

ఇక మా కొట్లవాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే ఈ కథే లేదు. తొలకరి వాన జోరందుకోగానే ప్రతి కొట్టులోనూ బల్లలు జరిపేవారు. ఏడాదిగా వాటి కింద చేరిన బూజు పట్టిన చింతపండు, పురుగు పట్టిన మిరపకాయలు, పసుపు దుమ్ము, చిరిగిన గోనెల పీచు అంతా ఊడ్చి, చేటకు ఎత్తి, మీద కుంకుమ చల్లి కాలవలో పోసేవారు. లక్ష్మికి అక్క, దరిద్రాల పెద్దమ్మ, ఆ దుమ్ములో ఉంటుందని నమ్మకం. "ఎల్లిపో పెద్దమ్మా, ఎల్లిపో, ఎనక్కి సూడకు" అని వీధి వీధంతా ఒక్క గొంతుతో అనేది. తర్వాత తలుపులు మూసేసేవాళ్లం, ఆమె ఎక్కడ వెనక్కి తిరిగి చూస్తుందో అని. మూసిన తలుపుల వెనక బెల్లం పంచుకునేవాళ్లం. నాకు ఆ బెల్లం అంటే ఎంత ఇష్టమంటే, తొలకరి రెండుసార్లు వస్తే బాగుండునని చిన్నప్పుడు దేవుడితో బేరం పెట్టేదాన్ని.

ఒక ఏడాది వానలు పడ్డాక ఊళ్లో చలిజ్వరాలు ఎక్కువయ్యాయి. వేసవిలో మునిసిపాలిటీ ఓవర్సీరు వచ్చి గుంత చూసి, దోమలకు ఇదే మూలం అన్నాడు. రాజమండ్రి వైపు మనిషి. గొడుగు ఎండలో కూడా మడిచే పట్టుకునేవాడు. గుంతను రాళ్లూ రప్పలూ పోయించి పూడ్పించాడు. కాలవను సిమెంటుతో సూటిగా గెడ్డ దాకా కట్టించాడు. వీధిలో ఒక్కరూ నోరెత్తలేదు. ఎందుకెత్తుతారు? పూడ్చిన చోట ఖాళీ జాగా తేలింది. ఊరికే వచ్చిన దాన్ని బడా బజారు వాసి తూకం వెయ్యడు, ముందు లోపల పెట్టుకుంటాడు. ఓవర్సీరు మనుషులు పారలు సర్దుకుని వెళ్లిన మర్నాటికే ఎవరి పెరటి కంచె వాళ్లు ముందుకు జరిపారు. ఒకరు బండి నిలుపుకున్నారు, ఒకరు ఆవును కట్టారు. మా అత్త ఏకంగా చింతపండు పాక వేయించింది. ఆ పాకకు తాటాకులు బేరమాడింది నేనే. బాగా ఆడాను.

తొలకరి వచ్చింది. పెద్దమ్మను సాగనంపాం, తలుపులు మూశాం, బెల్లం తిన్నాం. కొత్త కాలవలో నీళ్లు జట్కాబండిలా పోయాయని మా ఇంటాయన మెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అప్ప వచ్చింది. రోజూ పెరటి వైపు వచ్చే మనిషి వీధి అరుగు ఎక్కి, కడవ దింపింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఒలే కోడలా, మీ అత్తని పిలు. మీ ఇంటాయన్ని పిలు. గలాసులు తెండి."

"ఏటైంది అప్పా?"

"ఏటైందో తాగితే తెలుత్తాది."

కడవలో నీళ్లు పసుపు రంగు. పైన ఎర్రటి తెట్టు. మా ఇంటాయన వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. మిరపకాయల కొట్లో పుట్టి పెరిగిన మనిషి, గుటక పడక దగ్గాడు.

"మొకం కడుక్కుందామని సెలమలో సెయ్యెట్టినాను. కళ్లు పోయినాయనుకున్నాను. నా మనవరాలు దోసెడు తాగి కడుపు పట్టుకుని తొంగుంది. మీ పెద్దమ్మని మీరు ఎక్కడికి పంపినారు? మా కడవలోకి!"

"నీ కడవే మా కడవ కదా అప్పా" అన్నాను, సర్దుదామని.

"మరి తాగు!"

ఆమె కడవ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. పోతూ పోతూ ప్రతి కొట్టు ముందూ నిలబడి అదే మాట అరిచింది. ఆ రోజు బడా బజారులో మంచినీళ్లు లేవు.

ఒక్క రోజుతో పోయే ముచ్చటైతే ఊరుకునేవాళ్లమేమో. ఆ వానాకాలం మొత్తం ప్రతి వానకూ వీధి వీధే గెడ్డలోకి నడిచి వెళ్లింది. పేడ, కిరసనాయిలు తెట్టు, ఎండుచేపల గంపలు కడిగిన నీళ్లు. ఇసక మీద నల్లటి పొర పేరుకుంది, చెలమ తవ్వితే ముందు కంపు ఊరేది. సాలె వీధిలో పిల్లలకు విరేచనాలు తగ్గలేదు. అప్ప మనవరాలు కోలుకుంది గాని పుల్లలా అయిపోయింది. అప్ప గెడ్డకు చాలా ఎగువకు నడిచి నీళ్లు తెచ్చేది, ముందు వాళ్లకు, మిగిలితే మాకు. నీళ్లు పోస్తూ ఇదివరకటిలా తిట్టేది కాదు. దానికే నాకు భయం వేసింది.

మగవాళ్లు అర్జీ పెట్టారు. పక్కా కాలవ శాస్త్రీయమైనదని జవాబు వచ్చింది. మగవాళ్లకు ఆ 'శాస్త్రీయం' చాలింది. ఆ కాగితం మడిచి దేవుడి పటం వెనక పెట్టుకుని ఊరుకున్నారు.

గుంత మళ్లీ తవ్వాలంటే అడ్డం ఓవర్సీరు కాదు, మేమే. మింగిన జాగా కక్కాలి. పక్కవాడు కక్కకుండా తాను ముందు కక్కేవాడు మా వీధిలో ఇంకా పుట్టలేదు. "ఆళ్లు ఎన్ని మూరలిత్తారో సెప్పమను, అప్పుడు సూద్దాం" అనేవాడు ఇటువాడు. అటువాడూ అదే మాట.

ముందు మా అత్తనే కదిపాను. ఆమె అభ్యంతరం జాగా గురించి కాదు, ఇంకా గట్టిది.

"ఏటే, తెలిసి తెలిసి గుంత తవ్వి పెద్దమ్మని పెరట్లో కూకోబెడతావా? ఇంటి ఎనకాల దరిద్రాన్ని పెట్టుకుని యాపారం సేత్తావా?"

"ఇన్నేళ్లూ ఎక్కడుందత్తా ఆవిడ? ఆ గుంతలోనే కదా ఉంది. మీ మామగారి కాలం నుంచీ ఉంది. కొట్టు ఆగిందా? మావయ్య మేడ లేపలేదా?"

"అప్పుడు మనకి తెలీదు కదే!"

"తెలీనప్పుడు దూరంగానే ఉంది. గెడ్డలోకి తోలేం, కడవెక్కి ఇంట్లోకొచ్చింది. మీ గొంతు కూడా దిగింది. అత్తా, పెద్దమ్మ పెరట్లో ఉంటే మంచిదా, కడుపులో ఉంటే మంచిదా?"

అత్త "నీ నోట్లో నోరు పెడితే నాకేటి మిగలదు" అని మడతమంచం వాల్చుకుంది. బేరాల్లో ఆ మాటకు అర్థం నాకు తెలుసు. సగం దిగింది.

మా బజారులో పెద్ద సరుకు బేరాలు నోటితో జరగవు. కొనేవాడు, అమ్మేవాడు తుండుగుడ్డ కింద చేతులు కలిపి వేళ్లు నొక్కుకుంటారు. ఏ వేలు ఎన్నిసార్లు నొక్కాడో వాళ్లిద్దరికే తెలుసు, చుట్టూ నిలబడ్డవాళ్లకు గుడ్డ కదలడమే కనిపిస్తుంది. మా నాన్న తుండు కింద ఆడిన బేరాలను నేను ఆయన కనుబొమలు చూసి చదివేదాన్ని. కాని ఆడది మగవాడి చెయ్యి గుడ్డ కింద పట్టుకుంటే అది బేరం అనిపించుకోదు కదా.

అప్పడాల రోజులు వచ్చాయి. వీధి ఆడవాళ్లందరూ పీటలూ కర్రలూ తెచ్చుకుని మా పెరట్లో చేరారు. పిండి కలుపుతూ నేను గుంత విషయం ఎత్తాను. ఎవరూ జాగా పేరెత్తద్దు, ఎవరూ పక్కింటి మాట ఎత్తద్దు, ఒక్కొక్కరే నా దగ్గరకు వచ్చి నా పైటకొంగు కింద వేళ్లు నొక్కండి, మూరకో వేలు, ఎవరెంత ఇచ్చారో నా నోటి వెంట రాదు అన్నాను.

"ఒలమ్మో, మొగోల్లకి సెప్పకుండానా?" అంది ఉప్పు కొట్టు వదిన.

"జాగా మింగినప్పుడు మొగోల్లు మనకి సెప్పినారేటి?"

నవ్వుల మధ్య ఒకామె అప్పడం చించేసింది. అయినా మొదట ఎవరూ కదలలేదు. పెరటి గుమ్మంలో అప్ప వచ్చి నిలబడింది, ఖాళీ కడవతో, పక్కన ఆ మనవరాలితో. పిల్ల అప్పడాల పిండి వైపు చూస్తూంది. నూనె పిండి ముద్ద ఒకటి దాని చేతిలో పెట్టి, ఉప్పు కొట్టు వదినే ముందు లేచి వచ్చింది. నా కొంగు కిందకి చెయ్యి దూర్చింది.

ఆ మధ్యాహ్నం నేను పొందిన ఆనందం ఏ కొనుగోలులోనూ పొందలేదు. పిండి చేతులు, గాజుల చేతులు, ఒణికే ముసలి చేతులు. అందరూ పొదుపుగా ఇస్తారని లెక్క వేసుకుని, ఒక్కొక్కరినీ ఎలా పైకి లాగాలో మాటలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఒక్క మాట వాడే అవసరం పడలేదు. పక్కామె ఎంత నొక్కిందో తెలియదు కదా, రేపు తవ్వేనాడు తన ముక్కే చిన్నదిగా తేలితే పరువేం కావాలని ప్రతి ఒక్కరూ ఒక వేలు ఎక్కువే నొక్కారు. చివరికి మా అత్త వచ్చింది. వేళ్లు నొక్కలేదు. నా అరచేతిని తన అరచేత్తో మొత్తంగా అదిమింది. పాక మొత్తం. అప్పుడు మాత్రం నా కనుబొమలు చూసినవాళ్లెవరైనా చదివేసేవారు.

మర్నాడు పొద్దున్న, బజారు నిండుగా ఉన్న వేళ చూసి, అత్త చేత మా పాక తాటాకు మొదటిది లాగించాను. ఎవరూ చూడకుండా చేస్తే దొంగతనం అంటారు. మా ఇంటాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏటిది? ఎవరినడిగి?"

"మీయమ్మని అడగండి."

ఆయన వాళ్లమ్మ మొహం చూశాడు. కాసేపు తల గోక్కుని, "నిచ్చెన లేకుండా లాగితే కూలిపోద్ది" అని నిచ్చెన తెచ్చాడు. మిగతా ఇళ్లలోనూ దాదాపు అంతే. ఒకరిద్దరు అరిచారు. "కొంగుల కింద మా జాగాలు అమ్మేసినారా!" అని ఒకాయన నా మీదికి వస్తే, ఆయన భార్య అప్పడాల కర్రతో బయటికొచ్చింది. కొట్టడానికి కాదు పాపం, చేతిలో ఉంది అంతే. ఆయన మాత్రం ఆ వివరం అడగలేదు. సాలె వీధివాళ్లు పారలతో వచ్చారు. మధ్యాహ్నానికి సిమెంటు కాలవ నోరు పగిలింది.

ఓవర్సీరు వచ్చాడు, వెనక బిళ్ల బంట్రోతు.

"ఎవరు తవ్వమన్నారు? ఇది మునిసిపాలిటీ పని. పగలగొట్టినవాళ్ల మీద జరిమానా రాస్తాను. పేరు చెప్పండి!"

మగవాళ్లందరికీ ఒక్కసారిగా కొట్లో పని గుర్తొచ్చింది. నేను ముసుగు సర్దుకుని ముందుకొచ్చాను.

"రాయండి బాబూ, నా పేరే రాయండి."

"నీ ఒక్కదాని పేరేనా?" అని అత్త నన్ను తోసుకుని ముందుకొచ్చింది. "నాను పెద్దదాన్ని. ముందు నాది రాయాల."

"నాది కూడా రాయండి. సాలె వీధి" అంది అప్ప. "ఇంటి పేరుతో సహా."

తర్వాత ఉప్పు కొట్టు వదిన, తర్వాత అందరూ. ఓవర్సీరు పెన్సిలు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ల పేర్లు అడిగి రాసుకోవడం ఆయనకు అలవాటు లేని పని.

"అమ్మా, మీకు తెలియదు. నిలవ నీళ్లల్లో దోమలు గుడ్లు పెడతాయి. జ్వరాలకు అదే కారణం. మీ పిల్లల కోసమే కదా చేసింది!"

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే బేరానికి వీలు దొరికింది. నిజం తెచ్చినవాడితో ఎప్పుడూ బేరం కుదురుతుంది.

"నిలవ ఉంచం బాబూ. అడుగున ఇసక పోత్తాం. వాన ఎలిసిన రెండో నాటికి ఇంకిపోయేలా సేత్తాం. మూడో నాడు మీరొచ్చి సూడండి, తడి కనిపిత్తే మీరే పూడ్చండి, పారలు మేమే ఇత్తాం."

"కుదరదు. రేపే పూడ్చాలి."

"రేపా! అలగైతే సెలవిప్పించండి" అని వెనక్కి తిరిగి నాలుగడుగులు ఇంటి వైపు వేశాను. ఇది మా నాన్న నేర్పిన మొదటి పాఠం. కొట్టు దిగి వెళ్లేవాడిని వెనక్కి పిలవని వ్యాపారి లేడు.

ఓవర్సీరు పిలవలేదు. ఆయన వ్యాపారి కాడు కదా. నడిచి నడిచి గుమ్మం దాకా వచ్చేశాను, లోపలికి వెళ్లలేను, వెనక్కి తిరగలేను. అలా తలుపు పట్టుకుని నిలబడితే అప్పే ఆదుకుంది.

"బాబూ, ఈ అమ్మి బేరం పోయింది గాని నా బేరం ఇనండి. తొలకరి దాకా ఉంచండి. తొలకరికి సెలమలో నీళ్లు మీరే తాగి సూడండి. బాగోకపోతే పూడ్చుకోండి. బాగుంటే మా జోలికి రావద్దు."

ఆయన గుంత వైపు చూశాడు, మా అందరి వైపూ చూశాడు. "తాత్కాలికంగా" అన్నాడు. "తాత్కాలికంగా అని రాసుకుంటాను."

మిగిలిన వేసవి అంతా దాన్ని బాగుచేయడమే. తుంగ దుబ్బులు గెడ్డ నుంచి తెచ్చి నాటాం, రాళ్లు పేర్చాం, ఇసక పోశాం. ఉప్పు మాత్రం గుంత మాట వినదు, కరిగి జారిపోతుంది. కాబట్టి హుమ్మ ఉప్పుమళ్ల నుంచి ఉప్పు బళ్లు దిగిన రోజున, నీళ్లతో కడగకుండా, పొడిగా ఊడ్చి ఎత్తాలని ఉప్పు కొట్టు వదినతో ఒట్టు వేయించుకున్నాం. కిరసనాయిలు డబ్బాల కింద పొట్టు పరిపించాం. పెద్దమ్మను సాగనంపే మాట దగ్గర మళ్లీ చిక్కు. అత్తే తేల్చింది. ఊడ్చిన దుమ్ము ఇక కాలవలో పొయ్యం, పొడిగా గంపకెత్తి కూరమళ్లవాళ్ల బండెక్కిద్దాం, ఊరు దాటిద్దాం. "బండి కట్టించి పంపుతుంటే ఆవిడకి మాత్రం కోపమెందుకు? ఇన్నేళ్లూ నడిపించాం."

తొలకరి నాడు వీధి మొత్తం తలుపులు తీసే ఉంచాం. వాన గట్టిగా కొట్టింది. నీళ్లు ఎర్రగా, నురగలు కక్కుతూ వచ్చి గుంతలో పడి, తిరిగి, నెమ్మదించి, తుంగ చివర్ల దాకా నిండి, సన్నగా గెడ్డలోకి జారడం నేను పెరటి గోడ మీద గోనె కప్పుకుని కూర్చుని చూశాను. ఆ నీళ్లు ఒడ్డు దూకితే వీధికి మళ్లీ మొహం చూపించలేను.

మర్నాడు గొడుగు మడిచి పట్టుకుని ఓవర్సీరు మా అరుగెక్కాడు. అప్ప అప్పుడే తెచ్చిన కడవ దింపింది. గ్లాసు కడిగి, నింపి, ఆయన ముందు పెట్టాను. ఆయన వెలుతురుకు ఎత్తి చూశాడు. వాసన చూశాడు. వీధి అంతా తలుపుల్లోంచి ఆయన గొంతునే చూస్తోంది. అప్ప మనవరాలు ఆగలేక, "నానిందాకే తాగీసినాను, ఏటీ అవనేదు" అంది.

ఆయన తాగాడు. గ్లాసు కింద పెట్టి, "ఇంకో గ్లాసు ఉందా?" అన్నాడు.

"ఇంకోటంటే పూడ్చనట్టేనా బాబూ?" అన్నాను.

"మూడో నాడు వచ్చి తడి చూస్తాను" అన్నాడు. వచ్చాడు, చూశాడు, వెళ్లాడు. కాగితాల్లో అది తాత్కాలికంగానే ఉండిపోయింది. తర్వాత వచ్చిన ఓవర్సీర్లు ఒకరిద్దరు పూడుస్తామన్నారు. వచ్చిన ప్రతివాడికీ వీధి ఆడవాళ్లం వరసగా నిలబడి పేర్లు చెప్పాం, ఇంటి పేర్లతో సహా.

మద్రాసు మా మీద నుంచి పోయింది, ఒడిశా వచ్చింది. అత్త పోయింది, అప్ప పోయింది. ఆ తాత్కాలికం మాత్రం ఉంది. మొన్న ఒకాయన వచ్చి, గుంత జాగా అమ్మకానికి ఉందా, ధర మీరే చెప్పండి అన్నాడు. ధర నన్నే చెప్పమనేవాడి కోసం నేను జీవితమంతా ఎదురుచూశాను. ధర చెప్పకుండానే లేచి లోపలికి వెళ్లిపోయాను. ఈసారి ఎవరైనా వెనక్కి పిలుస్తారేమో అని ఆగలేదు.